ఐపీ పెట్టడం వేరు, పరారవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

'అప్పులు తీర్చలేక ఐపీ పెట్టి పరారీ' అన్న తరహా శీర్షికలు మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు. దాన్ని వేసినవారు తమ ఆస్తి, అప్పు మొత్తం కోర్టు ముందు పెట్టి, పిలిచినప్పుడల్లా హాజరు కావాలి. ఈ తేడా తెలియక చెన్నైలోని మన తెలుగువాళ్లలో కొందరు పరువుకు భయపడి కోర్టు గడప తొక్కరు. మరికొందరు ఐపీ పడితే అన్నీ మాఫీ అనుకుని ఉన్న ఇల్లు ముందే భార్య పేరు మీద రాసేస్తారు. రెండోది మరీ ప్రమాదం.

2016 దివాలా చట్టంలో వ్యక్తుల అప్పులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పుకు హామీ సంతకం పెట్టినవారి విషయంలో తప్ప, ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి ఆ చట్టం కింద క్రెడిట్ కార్డు బాకీ రద్దు చేయిస్తామని ఫీజు అడిగే ఏజెంట్లను దగ్గరికి రానివ్వకండి. చెన్నై నగరవాసులకు ఇప్పటికీ 1909 నాటి ప్రెసిడెన్సీ టౌన్స్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే వర్తిస్తుంది. పిటిషన్ వేయాల్సింది మద్రాసు హైకోర్టులో. తాంబరం, ఆవడి వంటి శివార్లలో ఉంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద ఆయా జిల్లా కోర్టుల పరిధిలోకి వెళ్లాలి. ఆంధ్ర జిల్లాల్లో వేసే ఐపీలు కూడా దాని కిందివే. ప్రోనోటు నెల్లూరులో రాసినా, పిటిషన్‌కు ముందు ఏడాదిలో నివాసమో వ్యాపారమో చెన్నైలో ఉంటే ఇక్కడే వేయవచ్చు.

కోర్టు దివాలాదారుగా ప్రకటించగానే ఆస్తి అఫిషియల్ అసైనీ (దివాలా ఆస్తులు చూసే కోర్టు అధికారి) చేతికి వెళుతుంది. ఆయన దాన్ని అమ్మి అప్పులిచ్చినవాళ్లకు వాటా ప్రకారం పంచుతారు. బాకీల జాబితాను ప్రమాణపత్రంతో ఇవ్వాలి. చేబదుళ్లు, చీటీ బాకీలు, ఊళ్లో అప్పులు ఏవీ వదలకూడదు. అరెస్టు నుంచి రక్షణ కావాలంటే దానికి వేరే ఉత్తర్వు తీసుకోవాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. దివాలా ప్రకటనతో అప్పు పోదు. ఆ తర్వాత డిశ్చార్జి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకుని, ఆ ఉత్తర్వు పొందితేనే విముక్తి. అప్పుడు కూడా ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు, మనోవర్తి బాకీలు మిగులుతాయి. తాకట్టు పెట్టుకున్న బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు కాబట్టి దాని దారిన అది నడుస్తుంది. చెక్కు బౌన్స్ అయ్యాక అప్పిచ్చినవారు పంపే నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతేనే కేసుకు అవకాశం వస్తుంది. అందుకే ఆ కవరు తీసుకోకుండా తిప్పి పంపడం తెలివితక్కువ పని.

దివాలా ప్రకటనకు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని అసైనీ రద్దు చేయించగలరు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో మిగతావాళ్లను కాదని బావమరిదికో స్నేహితుడికో కావాలని ముందుగా తీర్చిన బాకీకీ అదే గతి. పైగా అలాంటి పనులు డిశ్చార్జికి అడ్డుపడతాయి.

నిజానికి చేతిలో జీతం తప్ప ఆస్తి లేనివారిలో చాలామందికి ఐపీ అవసరమే ఉండదు. బాకీ కట్టాలని కోర్టు డిక్రీ (తీర్పు) వచ్చినా జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. జీతం 40,000 అయితే జప్తు 13,000కు మించదు. పీఎఫ్, గ్రాట్యుటీల జోలికి రాకూడదు. చెల్లించే స్తోమత లేనంత మాత్రాన జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు ఇచ్చింది. డబ్బు డిక్రీ కింద మహిళలను అరెస్టు చేయడం అసలే కుదరదు. 'రేపు పోలీసులొస్తారు' అని రికవరీ ఏజెంటు బెదిరిస్తే ఈ మాటలు గుర్తుంచుకోండి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు.

ఇంటి రుణమైతే గడువులు కఠినం. తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం 13(2) నోటీసు వస్తే బాకీ కట్టడానికి 60 రోజులుంటుంది. ఆలోపు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో బదులివ్వాలి. ఆ నోటీసు మీదే డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్‌కు) పరుగెత్తితే పిటిషన్ నిలవదు. 13(4) కింద స్వాధీన చర్య తీసుకున్నాక 45 రోజుల్లో వెళ్లాలి. వేలం ప్రకటన పడేదాకా వేచి ఉంటే పూర్తి బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు కూడా చేజారుతుంది.

బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంట్ (ఒక మొత్తానికి బాకీ తేల్చుకునే రాజీ) కుదిరితే కట్టాల్సిన మొత్తం, గడువు, బాకీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ ఇస్తామన్న మాట బ్యాంకు లెటర్‌హెడ్‌పై రాసి ఇచ్చాకే మొదటి రూపాయి కట్టండి. ఏజెంటు వాట్సాప్ సందేశానికి విలువ లేదు. లోక్ అదాలత్‌లో చేసుకుంటే ఇంకా మేలు. అక్కడిచ్చే అవార్డుకు (రాజీ తీర్పుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమాన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. కాబట్టి నెలవారీ వాయిదా కట్టగలిగినంతే ఒప్పుకోండి.

కందు వడ్డీ, మీటర్ వడ్డీ, తండల్ పేరుతో విపరీతమైన వడ్డీ గుంజి పీడించేవారి మీద తమిళనాడు 2003 అధిక వడ్డీ నిషేధ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రోనోట్లు ఇచ్చి ఉంటే ఫిర్యాదులో వాటి నంబర్లు, ఇచ్చిన తేదీలు తప్పక రాయండి.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబరు 15100. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నారన్న వార్త వేసిన ప్రతిసారీ దాని పక్కనే ఈ నంబరు కూడా అచ్చు వేయాలని, పారిపోయినవారి వార్తలో 'ఐపీ' అన్న మాట వాడవద్దని మిమ్మల్ని కోరుతున్నాం.

ఇట్లు,
న్యాయ సహాయ కార్యకర్తలు,
కొండితోపు, చెన్నై