పక్క బీడు, మారిన బడి వేళలు: నాలుగో టర్మ్ వార్తాలేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం మన మెల్బోర్న్ తెలుగు బడి ఆటవిడుపులో మూడో తరగతి పిల్లలిద్దరు జాలీ కంచె కింద దూరి, ఇళ్ల ఎస్టేట్ పని మొదలైన పక్క బీడులో పోసిన మట్టిగుట్ట ఎక్కిన సంగతి మీకందరికీ తెలిసిందే. నాకంటే ముందు వాట్సాప్‌కే తెలిసింది. పిల్లలిద్దరూ క్షేమం. ఒకరి మోకాలు గీరుకుంది, అంతకు మించి ఏమీ లేదు. డ్యూటీలో ఉన్న టీచరు నాలుగు నిమిషాల్లో వాళ్లను వెనక్కి తీసుకొచ్చారు. నాలుగు నిమిషాలు తక్కువేమీ కాదు, ఆ తప్పు మాదే. కానీ సోమవారానికల్లా పిల్లలు గోతిలో పడ్డారని ఒకరు, బడి మూసేస్తున్నారని ఒకరు, ఇళ్లు కట్టకుండా ఆపడానికి సంతకాలు పెట్టమని ఇంకొకరు రాస్తుంటే ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ముందు అసలు విషయం. వచ్చే వారం నుంచి మన తరగతులు శనివారం ఉదయం 9:30కి కాదు, మధ్యాహ్నం 1:30కి మొదలై 4:30కి ముగుస్తాయి. క్రికెట్ ఉంది, ఈత ఉంది, భోజనం చేసి పిల్లలు నిద్రపోతారు అని మీరు చెప్పినవన్నీ విన్నాను. ఆదివారం ఈ గదులు మనకు దొరకవు. ఇక కారణం ఇదీ. మన విక్టోరియా రాష్ట్రంలో నిర్మాణపు పనులకు మామూలు వేళలు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 7 నుంచి సాయంత్రం 6, శనివారం 7 నుంచి ఒంటిగంట. అంటే మీరు 9:30కి పిల్లల్ని దింపేటప్పుడూ, 12:30కి ఎక్కించుకునేటప్పుడూ మట్టి టిప్పర్లు మన గేటు ముందు నుంచే తిరుగుతుంటాయి. వెనక్కి వచ్చే టిప్పరు వెనకాల మీటరు ఎత్తు పిల్ల నిలబడితే డ్రైవరుకు కనబడదు. గేటు దగ్గరి 40 కిలోమీటర్ల వేగ పరిమితి బోర్డు చూసి ధైర్యపడకండి. అది బడి రోజుల్లో ఉదయం 8 నుంచి 9:30, మధ్యాహ్నం 2:30 నుంచి 4 వరకే. శనివారం దానికి సెలవు.

మట్టిగుట్టలో భయపడాల్సిందేముంది అని ఒక తండ్రి అడిగారు. ఎండకు పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది, లోపల తడి ఆరదు. పక్కనుంచి లోడర్ కొంత తవ్వి తీసుకుపోయాక నిట్టనిలువు అంచు మిగులుతుంది. దాని మీద కాలు పెడితే పెచ్చు విరిగి మట్టి పిల్లాడి మీదికే జారుతుంది. రాబోయే నెలల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఎస్టేట్ పనిలో పైమట్టి చెక్కి, బండలు పగలగొట్టాక మురుగు పైపులు వేస్తారు. మురుగు తన వాలు మీద తనే పారాలి కాబట్టి ఆ కందకాలు అన్నిటికంటే లోతు. ఆ తర్వాత వాన నీటి పైపులు, మంచినీళ్లు, కరెంటు, చివర్లో రోడ్డు. లోతు ఒకటిన్నర మీటరు దాటితే అక్కడ పనిచేసే పెద్దవాళ్లకే ప్రత్యేక జాగ్రత్తలు తప్పనిసరి. మన పిల్లలకు హెల్మెట్ కూడా ఉండదు. కంచె అడుగున సందు మూయించాం, ఆటస్థలంలో ఇకపై ఇద్దరు టీచర్లు ఉంటారు. ఇంట్లో మీరు కూడా ఒక మాట చెప్పండి. వీలైతే తెలుగులో.

ఇక సంతకాల సంగతి. సంతకాలు పెట్టేవాళ్లను ఆపను, కానీ వాటితో ఏం జరుగుతుందో ముందే చెప్పడం మంచిది. ఏమీ జరగదు. ఈ బీడు నిన్న మొన్న ఇళ్ల స్థలం కాలేదు. 2010లో మెల్బోర్న్ పట్టణ వృద్ధి సరిహద్దును, అంటే నగరం ఎందాకా పెరగొచ్చో చెప్పే గీతను, జరిపినప్పుడే ఈ చుట్టుపక్కల భూములు లోపలికి వచ్చాయి. తర్వాత ఒక్కో ప్రాంతానికి ప్రిసింక్ట్ ప్లాన్ తయారవుతుంది. ఏ రోడ్డు ఎక్కడ, బడి ఎక్కడ, వాగు పక్కన ఎంత వదలాలి అన్నీ అందులోనే తేలిపోతాయి. ఆ ప్లాన్‌ను జనం ముందు పెట్టినప్పుడే మాట్లాడాలి. అది ఆమోదం పొందాక, దానికి అనుగుణంగా వచ్చే లేఅవుట్ దరఖాస్తుల గురించి ఇరుగుపొరుగుకు నోటీసు ఇవ్వాల్సిన పనిలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కూ ఉండదు. పెళ్లయ్యాక సంబంధం నచ్చలేదన్నట్టు ఉంటుంది మన పిటిషన్. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. దుమ్ము లేస్తుంటే తేదీ, వేళ, ఫొటోతో కౌన్సిల్‌కు రాయండి. పనివేళలు దాటి మిషన్లు నడిస్తే అలాగే రాయండి. "చాలా ఇబ్బందిగా ఉంది" అన్న వాక్యానికి జవాబు రాదు. "శనివారం మధ్యాహ్నం 2:10, ఈ మూల, రాక్ బ్రేకర్" అంటే వస్తుంది.

జనం ఎందుకింత పెరుగుతున్నారని విసుక్కునేవాళ్లకు ఒక్క లెక్క. మనముండే మెల్టన్ నగర పరిధిలో 2016 జనగణన నాటికి 1,35,443 మంది. 2021లో 1,78,960. అంటే ఆ ఐదేళ్లలో రోజుకు సుమారు 24 మంది, ఒక తరగతి గదికి సరిపడా. వాళ్లలో మనమూ ఉన్నాం. మన ఇళ్లూ ఒకప్పటి గొర్రెల బీళ్లలోనే లేచాయి.

మీలో చాలామంది కొత్తగా స్థలం కొంటున్నారు కాబట్టి ఇంకొక్క మాట. తూర్పు ముఖమా, ఈశాన్యం పెరిగిందా, ఎదురుగా వీధిపోటు ఉందా అని మూడు వారాలు చూస్తారు. ఆ స్థలం ఏ బడి జోన్‌లోకి, అంటే ఏ ప్రభుత్వ బడి పరిధిలోకి వస్తుందో డిపాజిట్ కట్టాక నన్ను అడుగుతారు. బ్రోచర్లో "ప్రతిపాదిత పాఠశాల" అని పచ్చరంగు వేసినంత మాత్రాన బడి వచ్చినట్టు కాదు. ప్లాన్‌లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు సాధారణంగా 3.5 హెక్టార్లు, హైస్కూలుకు 8.4 హెక్టార్లు అట్టిపెడతారు. ఆ భూమిని ప్రభుత్వం కొనాలి, రాష్ట్ర బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి, అప్పుడు కట్టాలి. అందాకా మీ పిల్లలు ఇప్పుడున్న బడిలో పోర్టబుల్ గదుల్లోనే. కొనే ముందు "ఫైండ్ మై స్కూల్" సైట్లో ఆ ప్లాటు చిరునామా కొట్టి చూడండి, మళ్లీ చేరే ఏడాదికి చూడండి. కొత్త బడి తెరిచినప్పుడు పాత జోన్ కుదించుకుపోతుంది. మెల్బోర్న్‌లో ఏ బడి దగ్గర అన్నది మామూలుగా సరళరేఖలో కొలుస్తారు, మీ కారు తిరిగే దారిలో కాదు.

ఇప్పుడు నేను నిజంగా రాయాలనుకున్న సంగతికి వస్తాను. మన ఆటస్థలానికీ బీడుకీ మధ్య ఒక రాతి గోడ ముక్క మిగిలి ఉంది. మీలో కొందరు దాని మీద టిఫిన్ డబ్బాలు పెడతారు, ఒకరిద్దరు పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీస్తారు. అది రాళ్ల కుప్ప కాదు. ఈ మైదానమంతా పాత అగ్నిపర్వతాల లావా. నాగలి పెడదామంటే అడుగుకో బండ తగిలేది. 19వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన రైతులు ఆ రాళ్లను ఏరి, అదే చేత్తో కంచెగా పేర్చారు. సున్నం లేదు, సిమెంటు లేదు, మట్టి కూడా లేదు. రెండు ముఖాలుగా రెండు వరసలు లేపుతారు. మధ్య పొట్టలో చిన్న రాళ్లు కూరతారు. నడుమెత్తులో అక్కడక్కడా రెండు ముఖాలనూ పట్టి ఉంచే పొడవాటి రాయి అడ్డంగా వేస్తారు. పైకి పోయేకొద్దీ గోడ సన్నబడుతుంది, నెత్తిన బరువైన రాళ్లు వరసగా కూర్చుంటాయి. ఆ నెత్తి రాయే ముఖ్యం. అది కింది రాళ్లను అదిమి పెడుతుంది. దాన్ని ఒక్కదాన్ని తీస్తే పొట్టలోని చిన్న రాళ్లు కదిలి కిందికి జారతాయి, గోడ కడుపుబ్బుతుంది, ఒకటి రెండు చలికాలాల్లో అక్కడ గండి పడుతుంది. ప్లానింగ్ నిబంధనల షెడ్యూల్లో చేర్చిన భూముల్లో 1940కి ముందు కట్టిన ఇలాంటి కంచెను పడగొట్టాలన్నా, తీసేయాలన్నా ప్లానింగ్ పర్మిట్ కావాలి. మెల్టన్ ప్రాంతం ఈ గోడలకు పేరు పడింది. ఎస్టేట్ల పేర్లు మారతాయి, హోర్డింగులు మారతాయి, ఇక్కడ మునుపు ఏముండేదో చెప్పడానికి మనకు మిగిలింది ఈ 11 మీటర్లే. దాన్ని కుర్చీలా వాడకండి. ఇది ప్రార్థన కాదు, నియమం.

ఆ 11 మీటర్లూ కొలిచింది నాలుగో తరగతి పిల్లలు. ముగ్గురు టేపు పట్టుకున్నారు, ఒకమ్మాయి పలక మీద రాసింది. అడుగున వెడల్పు 80 సెంటీమీటర్లు, పైన 45. "వాలు" అన్న మాట వాళ్లకు ఆ రోజే వచ్చింది, ఇక ఈ జన్మలో పోదు. కొలవడం అయ్యాక ఆ పలక పట్టుకున్న అమ్మాయి అడిగిన ప్రశ్నకు టీచర్లందరం కాసేపు మాట్లాడలేకపోయాం. "మట్టి ఉబ్బితే మా కొత్తింటి గోడ చీలింది, ఈ పాత గోడ ఎందుకు చీలలేదు?" వారం తర్వాత జవాబు కూడా తనే రాసుకొచ్చింది, సొంత అక్షరాలతో, రెండు ఒత్తుల తప్పులతో. "ఈ గోడకు కీళ్లు ఉన్నాయి. మా ఇంటికి లేవు." సిమెంటు లేని రాళ్ల మధ్య సందులే ఆ కీళ్లు. పదేళ్ల పిల్ల! ఆ కాగితం నా బల్ల వెనక అంటించాను, వచ్చి చూడండి. తప్పులు ఉన్నాయి కాబట్టే అది ఆ పిల్లే రాసిందని నాకు తెలిసింది. ఒత్తు తప్పకుండా, దస్తూరి వంకరపోకుండా వచ్చే హోంవర్కులు కొన్ని ఉన్నాయి. అవి రాసిన అమ్మలకు అభినందనలు, ఈసారి మాత్రం పిల్లలకు అవకాశం ఇవ్వండి.

ఆ ప్రశ్న మీలో చాలామంది ఇళ్ల ప్రశ్న కూడా కాబట్టి కొంచెం వివరంగా. ఇక్కడి మట్టి మన నల్లరేగడికి చుట్టం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మన ఊళ్లో స్లాబంటే నెత్తిన ఉండేది, ఇక్కడ స్లాబ్ కాళ్ల కింద ఉంటుంది. మీ సాయిల్ రిపోర్టులో నేల తరగతి ఎం అని ఉంటే నేల 20 నుంచి 40 మిల్లీమీటర్లు, హెచ్1 అంటే 40 నుంచి 60, హెచ్2 అంటే 60 నుంచి 75 వరకు కదలవచ్చని అర్థం. స్లాబును ఆ లెక్కకే కడతారు. కదలడం వల్ల కాదు, ఒక పక్కే కదలడం వల్ల గోడ చీలుతుంది. ఒక మూల కుళాయి కారుతూ ఉంటుంది, ఏసీ నీళ్ల గొట్టం గోడ మొదట్లో వదిలేస్తారు, రోజూ వాకిలి హోస్ పెట్టి కడుగుతారు, పెరటి వైపు మాత్రం వేసవంతా చుక్క పడదు. ఉబ్బిన పక్క పైకి లేస్తుంది, ఎండిన పక్క కుంగుతుంది, తలుపు పట్టేస్తుంది. ఇంటి చుట్టూ మొదటి మీటరులో నేల కనీసం 50 మిల్లీమీటర్లు బయటికి వాలాలి. ఇటుక గోడ అడుగున ఉండే నిలువు సందులను మట్టితోనో పూలపాదులతోనో కప్పొద్దు. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో నాటండి. కరివేపాకు కుండీలోనే పెట్టండి, ఎలాగూ చలికి లోపలికి తేవాలి. ఆ అమ్మాయికి చెప్పిన చిన్న సవరణ మీకూ చెబుతున్నాను. మన ఇళ్లకూ కీళ్లున్నాయి. ఇటుక గోడల్లో పైనుంచి కిందిదాకా మెత్తటి మాస్టిక్ నింపిన గీతలు కనిపిస్తాయి చూడండి, అవే. అందంగా లేవని వాటిలో సిమెంటు కూరిన మహానుభావులు మన మధ్యనే ఉన్నారు.

మిగతావి త్వరగా. టోపీ లేని పిల్లలకు ఈ టర్మ్‌లో ఆట లేదు. ఊదారంగు కుళాయిలో వచ్చేది శుద్ధి చేసి మళ్లీ వాడే నీళ్లు, తాగడానికి కాదు, సీసాలు ఇంట్లోనే నింపి పంపండి. తవ్వకాలతో పాములు కదులుతున్నాయి. కనబడితే దూరం జరగాలి, కొట్టకూడదు. కరిస్తే కడగొద్దు, చెయ్యో కాలో మొత్తానికీ బిగువుగా బ్యాండేజీ చుట్టి, కదలనివ్వకుండా అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వాలి. దీపావళి కార్యక్రమానికి పేర్లు ఈ శనివారం వరకే. 1:30 అంటే 1:30. రెండు వీధుల అవతల ఉన్నవాళ్లే అందరికంటే ఆలస్యంగా, అదీ కారులో వస్తున్నారు. కిటికీలోంచి పిల్లల్ని దింపి కదిలిపోకండి, దిగి గేటు దాకా రండి.

చివరిగా, పిల్లలు మట్టిగుట్ట ఎక్కిన ఆ శనివారమే రాతి గోడ నెత్తిన ఐదు రాళ్లు పోయాయి. నాలుగు తిరిగొచ్చాయి. ఐదోది పుచ్చకాయంత ఉంటుంది, ఒక పక్క తెల్లని పాచి ఉంది. అది పిల్లల సంచిలో పట్టేది కాదు, కారు డిక్కీలోనే వెళ్లి ఉంటుంది. దయచేసి శనివారం తెచ్చి ఆఫీసు బల్ల కింద పెట్టండి. ఎవరు తెచ్చారని అడగను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు