క్షిపణి మీట దగ్గర నిమిషాలు కాదు, గంటలుండాలి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అణు ప్రమాదాన్ని తగ్గించాలని కోరుతూ 1998 నుంచి ఏటా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మన దేశం తీర్మానం పెడుతోంది. ఏటా అది నెగ్గుతోంది. క్షిపణులను తక్షణ ప్రయోగానికి సిద్ధంగా ఉంచవద్దని అందులో అడుగుతున్నాం. అడగడంతో ఆగకుండా, అది ఎలా చేయాలో కూడా మనమే ప్రతిపాదించాలన్నది మా విన్నపం.

రష్యా నుంచి అమెరికాకు ఖండాంతర క్షిపణి చేరడానికి పట్టేది దాదాపు 30 నిమిషాలు. తీరానికి దగ్గరగా వచ్చిన జలాంతర్గామి నుంచి వదిలితే ఇంకా తక్కువ. ఈలోగా ఉపగ్రహం మంటను పసిగట్టాలి, రాడార్ దాన్ని నిర్ధారించాలి, అధ్యక్షుడిని నిద్ర లేపి చెప్పాలి, ఆయన తేల్చుకోవాలి, ఆదేశం క్షిపణి సిబ్బందికి అందాలి. ఇవన్నీ పోను ఆయన ఆలోచించుకోవడానికి మిగిలేది పది నిమిషాల లోపే. మోంటానా, నార్త్ డకోటా, వయోమింగ్ స్థావరాల నుంచి నడిచే 400 అమెరికా ఖండాంతర క్షిపణుల (మినిట్‌మ్యాన్-3) సైలోలు, అంటే నేలలోపలి ప్రయోగ గోతులు, ఎక్కడున్నాయో రష్యాకు తెలుసు. దెబ్బ పడేలోపే వాటిని వదలాలన్న తొందర అక్కడి నుంచే వస్తుంది. సముద్రంలో దాగి ఉన్న జలాంతర్గాములకు ఆ తొందర లేదు. ఎదుటివాడు ప్రతీకారానికి భయపడి ఆగుతాడన్నదే నిరోధ సిద్ధాంతమైతే, ఆ భయం పుట్టించడానికి జలాంతర్గాములే చాలు. పైగా వదిలిన క్షిపణిని వెనక్కి పిలవలేం. పరీక్షల్లో వాడేవాటికి గాల్లోనే పేల్చేసే ఏర్పాటు ఉంటుంది, మోహరించినవాటికి ఉండదు.

తప్పుడు హెచ్చరికలు ఎలా పుడతాయో చూడండి. 1980 జూన్‌లో అమెరికా వ్యవస్థ వందలు, వేల సోవియట్ క్షిపణులు వస్తున్నట్టు చూపింది. కారణం ఒక కంప్యూటర్ చిప్, ఖరీదు 46 సెంట్లు. లైన్లు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి నిరంతరం ఒక పరీక్ష సందేశం పంపేవారు. దాని రూపం అసలు దాడి హెచ్చరిక లాంటిదే, క్షిపణుల సంఖ్య ఉండాల్సిన చోట మాత్రం సున్నాలు. చిప్ పాడై ఆ సున్నాల్లో 2లు వచ్చిపడ్డాయి. పరీక్ష సందేశాన్ని అసలు హెచ్చరిక రూపంలో పంపడమే అసలు తప్పు, తర్వాత దాన్ని మార్చారు. 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహం మబ్బులపై మెరిసిన ఎండను చూసి ఐదు క్షిపణులంది. విధుల్లో ఉన్న సోవియట్ అధికారి స్తానిస్లావ్ పెట్రోవ్ దాన్ని నమ్మలేదు కాబట్టి సరిపోయింది.

1995 జనవరి 25న మాత్రం యంత్రం తప్పేమీ లేదు. నార్వే పరిశోధన రాకెట్ గురించి రష్యాకు ముందే తెలియజేసింది. ఆ కబురు రాడార్ సిబ్బందిదాకా చేరలేదు, వాళ్లు దాన్ని క్షిపణి అనుకున్నారు. రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు, అణుదాడికి ఆదేశమిచ్చే బ్రీఫ్‌కేస్ తెరుచుకుంది.

ఇక చేయాల్సిన పనులు. 1991 సెప్టెంబరు 27న అమెరికా 450 మినిట్‌మ్యాన్-2 క్షిపణులను సిద్ధస్థితి నుంచి తప్పించింది. ఒప్పందం కోసం ఎదురుచూడలేదు. సిబ్బంది ఒక్కో సైలోకి వెళ్లి, ఇంజన్ అంటుకోకుండా భద్రతా మీట వేశారు. దాన్ని తీయాలంటే మళ్లీ మనిషే అక్కడికి వెళ్లాలి. మాకు కావలసింది సరిగ్గా ఆ ఆలస్యమే. అక్టోబరు 5న సోవియట్ నేత గోర్బచేవ్ కూడా కొన్ని వందల క్షిపణులను తప్పించారు. 400 మినిట్‌మ్యాన్-3లకూ, రష్యా సైలోలకూ ఇదే పద్ధతి అడగాలి.

రెండోది, అమెరికా, రష్యా హెచ్చరికల సమాచారం పంచుకునే ఉమ్మడి కేంద్రం. మాస్కోలో పెట్టాలని 2000 జూన్‌లో క్లింటన్, పుతిన్ సంతకాలు చేశారు. పన్నులు, నష్టపరిహార బాధ్యతల పేచీల్లో అది తెరుచుకోనేలేదు. అసాధ్యమైన పనేమీ కాదది. 1999 డిసెంబరులో, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి చదువుతాయన్న వై2కె భయంతో, రష్యా అధికారులు కొలరాడోలో అమెరికన్ల పక్కనే కూర్చుని తెరలు చూశారు. ఒక్కో పక్షానికి 1,550 అణు వార్‌హెడ్‌ల పరిమితి, ఏటా 18 దాకా తనిఖీలు ఉన్న అమెరికా-రష్యా ఒప్పందం న్యూ స్టార్ట్ గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది కాబట్టి ఇప్పుడు ఈ కేంద్రం అవసరం మరీ ఎక్కువ.

మన ఇంటి విషయమూ చెప్పక తప్పదు. పాకిస్థాన్‌తో 2005లో కుదిరిన ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు తెలపాలి. క్రూయిజ్ క్షిపణులు అందులో లేవు. 2022 మార్చి 9న పొరపాటున వెళ్లిన మన బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి పాకిస్థాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. వార్‌హెడ్ లేదు, ప్రాణనష్టం జరగలేదు. పొరపాటు జరిగిన నిమిషాల్లోనే అవతలివారికి కబురందే కచ్చితమైన పద్ధతి ఆ ఒప్పందంలో చేరాలి. విశాఖలో తయారైన అణు జలాంతర్గాములు గస్తీ తిరుగుతున్న ఈ రోజుల్లో, మనం పాటించని జాగ్రత్తను అగ్రరాజ్యాలకు చెప్పలేం.

అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో నిరాయుధీకరణను చూసే మొదటి కమిటీ సమావేశమవుతుంది. ఈసారి మన తీర్మానం ముసాయిదాలో భద్రతా మీటల ప్రతిపాదనను, ఉమ్మడి కేంద్రాన్ని పేరుపెట్టి రాయాలని, క్రూయిజ్ క్షిపణులపై ఇస్లామాబాద్‌తో చర్చకు మనమే ముందుకు రావాలని కోరుతున్నాం.

ఇట్లు,
అణ్వస్త్ర నియంత్రణ అంశాలపై పనిచేస్తున్న కొందరు పౌరులు