మా కళాశాల రికార్డ్ అసిస్టెంటు గారికి, మరికొందరు సిబ్బందికి కృతజ్ఞతలు

నా ధ్రువపత్రాల పరిశీలన ఈ రోజు సాయంత్రం ఏ ఆటంకమూ లేకుండా పూర్తయింది. కొన్ని వారాలుగా సరైన నిద్ర లేదు, ఇది రాస్తుంటే కూడా కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలూ రాయకుండా పడుకోలేకపోతున్నాను. నేను డిగ్రీ చదివిన కళాశాలలో రికార్డుల గది చూసుకునే ఒక ఉద్యోగి పూనుకోకపోతే, అధ్యాపక ఉద్యోగానికి ఎంపికై కూడా నేను అందులో చేరగలిగేదాన్ని కాదు.

నా దగ్గరున్న మెమోలో మూడో సంవత్సరం రసాయనశాస్త్రం ప్రాక్టికల్ మార్కులు స్పష్టంగానే ఉన్నాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు, కాన్వొకేషన్ పట్టా కూడా ఉన్నాయి. కానీ నియామక అధికారులు వాటిని పరిశీలన కోసం విశ్వవిద్యాలయానికి పంపినప్పుడు, పాత లెడ్జర్లను కంప్యూటర్లోకి ఎక్కించగా తయారైన రికార్డులో అదే ప్రాక్టికల్‌కు ఎదురుగా గైర్హాజరు అని ఉన్నట్టు తేలింది. దాన్ని సరిదిద్దాలంటే, పరీక్ష రోజున ఎగ్జామినర్లు మార్కులు వేసి సంతకాలు చేసిన జాబితా, అంటే అవార్డు లిస్టు, కళాశాల కార్యాలయంలో ఉండే ప్రతిని ప్రిన్సిపాల్ ధ్రువీకరణతో తెచ్చి ఇమ్మన్నారు. నమోదులో పొరపాటు చేసింది ఒకరు, నిరూపించుకోవలసింది మాత్రం ఇంకొకరు. రెండు కార్యాలయాలు ఒకదానికొకటి ఉత్తరం రాసుకుంటే తేలిపోయే పనికి, గడువు ముంచుకొస్తున్న అభ్యర్థి ఒక కౌంటరు నుంచి మరో కౌంటరుకు తిరగవలసి రావడం ఏ విధంగానూ న్యాయం కాదని ఈ అలసటలో కూడా చెప్పాలనిపిస్తోంది.

ఆ ప్రతిని వెతికిపెట్టిన రికార్డ్ అసిస్టెంటు గారి పేరు ఇక్కడ రాయడం లేదు. కాంట్రాక్టు పొడిగింపు దగ్గరపడిన ఈ సమయంలో మంచికైనా చెడుకైనా తన పేరు నలుగురి నోట్లో నానడం ఇష్టం లేదని ఆయనే చెప్పారు. దరఖాస్తు చేతికివ్వగానే ఆయన మొదట చేసిన పని, తన కుర్చీని నా వైపు జరిపి కూర్చోమనడం. అంతకుముందు ఎన్నో చోట్ల నిలబడే మాట్లాడి వచ్చిన నాకు ఆ చిన్న మర్యాదకే గొంతు పూడుకుపోయింది. తర్వాత కాగితం పూర్తిగా చదివి, గడువు తేదీ ఎప్పుడని అడిగి తెలుసుకుని, సూపరింటెండెంటు గారి అనుమతి తీసుకుని గది తెరిచారు.

అవార్డు లిస్టులు అక్కడ సంవత్సరాల వారీగా గుడ్డ మూటల్లో కట్టి ఉన్నాయి. వాటి మీద అంటించిన చీటీలు చాలావరకు రాలిపోయాయి. మా సంవత్సరపు మూటకు ఎప్పుడో వాన నీరు తగిలి, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. రికార్డు పాడైపోయిందని రాసిచ్చి పంపేయడానికి అది చాలు. ఆయన మాత్రం సన్నని ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకుని, ఒక మూల నుంచి కాగితాల మధ్యకు మెల్లగా పోనిచ్చి, సిరా చెరగకుండా, అంచు చిరగకుండా ఒక్కొక్క పేజీనే విడదీశారు. విడిపోయిన పేజీని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా దాని మీద ఒక రిజిస్టరు ఉంచి, అప్పుడే తర్వాతి దాని జోలికి వెళ్లారు. నా నంబరు అచ్చు జాబితాలో లేదు. ఆ ఏడాది జ్వరం వల్ల నేను వేరే బ్యాచ్‌తో పరీక్ష చేశాను గనుక, ఆ బ్యాచ్ జాబితా అడుగున ఎగ్జామినరు నా నంబరును చేతితో రాసి, పక్కన మార్కులు వేసి, సంతకం చేశారు. కంప్యూటర్లోకి ఎక్కించినవారు అచ్చు నంబర్లతోనే ఆగిపోయి ఉంటారని అప్పుడు అర్థమైంది. ఆయన ఆ వరుస కింద వేలు ఉంచి, నంబరు నా చేతనే పైకి చదివించి, ఆ తర్వాతే “మీదే కదమ్మా” అన్నారు.

నా పని అక్కడితో అయిపోయింది. ఆయన మాత్రం అదే పేజీని మరోసారి పైనుంచి కిందిదాకా చూసి, “మీ ఒక్కరిదే కాదమ్మా, చేతితో రాసిన నంబర్లు ఇంకా ఉన్నాయి. వీళ్లకీ గైర్హాజరనే పడి ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు వీళ్లూ ఇలాగే పరుగెత్తుకొస్తారు” అంటూ ఆ నంబర్లన్నీ ఒక కాగితం మీద వరుసగా ఎక్కించుకున్నారు. వాటిని విశ్వవిద్యాలయానికి పంపించమని సూపరింటెండెంటు గారికి ఒక నోటు కూడా పెట్టారు. ఇన్నాళ్లుగా ఎవరి ముందూ కన్నీరు పెట్టని నేను అక్కడ ఆపుకోలేకపోయాను. ఎవరూ అడగలేదు, ఆ విద్యార్థులు ఎవరో ఆయనకు తెలియదు, తమకోసం ఒకరు ఈ పని చేశారని వాళ్లకు తెలిసే అవకాశమూ లేదు. ప్రిన్సిపాల్ గారు సమావేశంలో ఉంటే, అది ముగిసేదాకా ఫైలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి సంతకాలు చేయించి, ఒకటి ఎక్కడైనా పోయినా ఇంకొకటి ఉండాలని రెండు ప్రతులు నా చేతిలో పెట్టారు.

ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. ఆయన జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది, అది ఏ నెల ఎప్పుడు పడుతుందో ఆయనకే తెలియదు. సెప్టెంబరు 5న ఉపాధ్యాయులకు సన్మానాలు జరుగుతాయి, జరగాలి కూడా. నేనూ ఆ వృత్తిలోకే అడుగుపెడుతున్నాను. కానీ రికార్డులు కాపాడేవారికి, ప్రయోగశాల సిద్ధం చేసేవారికి, హాల్ టికెట్లు సరిచూసేవారికి అటువంటి రోజు ఏదీ నేను చదివిన చోట చూడలేదు. రెగ్యులర్ ఉద్యోగికి ప్రశంసాపత్రం ఇస్తే సర్వీసు రిజిస్టరులో నమోదు చేసే వీలైనా ఉంటుంది. ఏజెన్సీ ఉద్యోగికి కళాశాలలో ఆ రిజిస్టరే లేదు గనుక, ఎంత మంచి మాట రాసిచ్చినా అది చేరవలసిన ఫైలు ఉండదు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే నాక్ సంస్థ మూల్యాంకనం కోసం కళాశాలలు సమర్పించే నివేదికలో బోధన సిబ్బందితో పాటు బోధనేతర సిబ్బంది సంక్షేమం గురించి కూడా రాయవలసి ఉంటుంది. ఆ భాగం నింపేటప్పుడు ఇటువంటివారిని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా విన్నపం. ధ్రువపత్రాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే డిజిలాకర్ 2015లో, నేషనల్ అకడమిక్ డిపాజిటరీ 2017లో వచ్చాక పాత కాగితాల గదుల మీద ఎవరి దృష్టీ పడటం లేదు. కంప్యూటర్లోనే తప్పు పడితే మళ్లీ ఆ గదికే రావాలన్నది నేను స్వయంగా అనుభవించాను.

అందుకే ప్రిన్సిపాల్ గారికి లిఖితపూర్వకంగా ఒక ఉత్తరం ఇచ్చి, దాని ప్రతిని ఏజెన్సీకి కూడా పంపాను. కళాశాల లెటర్‌హెడ్ మీద ఆయనకు ప్రశంసాపత్రం ఇవ్వవలసిందిగా అందులో కోరాను. రేపు ఇంకెక్కడ పనికి వెళ్లినా చూపించుకోవడానికి ఆయన దగ్గర ఒక కాగితం ఉండాలి. ఆయన వల్ల మేలు పొందిన పూర్వ విద్యార్థులు ఎవరైనా ఉంటే మీరూ రెండు వాక్యాలు రాసి పంపండి.

మా వారు సెలవు పెట్టి నా వెంట తిరిగారు, అత్తగారు పిల్లలను చూసుకున్నారు, అమ్మ రోజూ ఫోన్ చేసి ధైర్యం చెప్పింది. వారితో ఇంట్లో మాట్లాడుకుంటాను.

ఇంతవరకు రాశాక గుర్తొస్తున్నారు: బ్యాచ్ మారినవారి నంబర్లు జాబితా అడుగున చేతితో రాసేవారని చెప్పిన ల్యాబ్ అటెండరు గారికి ధన్యవాదాలు, ఆ మాట లేకపోతే మేము అచ్చు నంబర్ల దగ్గరే ఆగిపోయేవాళ్లం. కౌంటరు మూసే వేళ దాటినా ఫైలు తీసుకుని, అదే రోజు పైకి పంపిన విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం మేడమ్ గారికి, గేటు దగ్గర ప్రతిసారీ ఓపికగా దారి చెప్పిన వాచ్‌మన్ గారికి కూడా. ఇంకొకరు, లైబ్రరీలో నా ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టించిన అమ్మాయి. ఆమె పేరు నాకు తెలియదు. విశ్వవిద్యాలయం నుంచి ఆఖరి నిమిషంలో వచ్చిన ఫోన్ నేను అందుకోగలిగింది మీ వల్లే తల్లీ, మీకు చాలా చాలా ధన్యవాదాలు.