తెర మీద ముసలమ్మకి ఎవరి పచ్చబొట్టు పెడుతున్నాం?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య మీ ఆదివారం పేజీల్లో పాతకాలం పచ్చబొట్ల మీద వచ్చిన ఐటమ్ చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయా. నేను హైదరాబాద్‌లో ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియోలో టెక్స్చర్ ఆర్టిస్టుని, అంటే కంప్యూటర్‌లో తయారైన మనుషులకి చర్మం, మచ్చలు, పచ్చబొట్లు పెయింట్ చేసే పని. పల్లెటూరి ముసలావిడ క్యారెక్టర్ వచ్చిందంటే చేతుల నిండా పచ్చబొట్లు కావాలంటారు, రిఫరెన్స్ ఇవ్వమంటే నెట్‌లో ట్రైబల్ టాటూ అని కొట్టి ఏది వస్తే అది పంపేస్తారు, చూస్తే అది పసిఫిక్ దీవుల డిజైన్‌కి నకలు. మన ముసలమ్మ చేతి మీద అదేంటండీ?

మన దగ్గర ఎరుకల ఆడవాళ్ళు ఊరూరా తిరిగి దీపం మసి, ఆకుపసరు కలిపి సూదులతో పొడిచేవాళ్ళు. చుక్కలు, తేలు, తులసికోట, ఇంటాయన పేరు. చూడ్డానికి సింపుల్‌గా ఉంటాయి గానీ కంప్యూటర్‌లో నిజంలా రావాలంటే చాలా కష్టం. త్రీడీ బొమ్మ చర్మాన్ని చొక్కా కుట్లు విప్పి పరిచినట్టు పరుచుకుని దాని మీద గీస్తాం, కుట్టు దగ్గర గీత కలవకపోతే మోచేతి దగ్గర తెగినట్టు కనిపిస్తుంది, చెయ్యి మడిస్తే సాగిపోతుంది. ఇంకోటి, పచ్చబొట్టు సిరా చర్మం పైన ఉండదు, లోపలి పొరలో ఉంటుంది, అందుకే పైన రంధ్రాలు, ముడతలు, చెమట మెరుపు అన్నీ మామూలుగానే కనపడాలి, నల్ల మసి కూడా కాస్త నీలంగా, పచ్చగా కనిపించాలి, ఏళ్ళు గడిచేకొద్దీ అంచులు చెదిరిపోవాలి. నల్ల స్టిక్కర్ అతికించినట్టు ఉంటే చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

2016లో డిస్నీ వాళ్ళు మోఆనా అనే యానిమేషన్ సినిమా తీసినప్పుడు పసిఫిక్ దీవుల పెద్దల్ని, అక్కడి సంప్రదాయం తెలిసినవాళ్ళని పిలిచి సలహా తీసుకున్నారు. అందులో మావి (Maui) అనే వీరుడి ఒంటి మీద పచ్చబొట్టుగా కదిలే బుల్లి మావి బొమ్మని ఎరిక్ గోల్డ్‌బర్గ్ అనే యానిమేటర్‌తో చేత్తో గీసే పాత పద్ధతిలో చేయించి త్రీడీ ఒంటి మీదకి ఎక్కించారు, ఆ పని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అయినా అదే ఏడాది ఆ పచ్చబొట్లు ముద్రించిన పిల్లల డ్రస్సు అమ్మకానికి పెడితే అక్కడి జనం గట్టిగా నిలదీశారు, డిస్నీ దాన్ని వెనక్కి తీసుకుంది. వీడియో గేముల్లో టాటూల మీద అమెరికాలో కోర్టు కేసులే నడిచాయి, 2022లో రెజ్లర్ రాండీ ఆర్టన్ టాటూలు వేసినావిడకి, వాటిని గేములో వాడుకున్నందుకు 3,750 డాలర్లు ఇవ్వాలని జ్యూరీ చెప్పింది. మన ఎరుకల అమ్మల డిజైన్లకి అడిగే దిక్కే లేదు.

అందుకే మీ పేపర్‌కి నా రిక్వెస్ట్, ఊళ్ళలో పెద్దవాళ్ళ పచ్చబొట్ల ఫొటోలు పంపమని పాఠకుల్ని అడగండి సార్, ఆ తరం వెళ్ళిపోతే ఇంకెక్కడా దొరకవు. ఆవిడ ఒప్పుకుంటేనే తియ్యాలి. ఫ్లాష్ వద్దు, నీడలో, చెయ్యి తిన్నగా చాపి, పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే మాలాంటివాళ్ళకి నేరుగా పనికొస్తుంది. ఆవిడ ఇష్టపడితే పేరు, ఊరు, పొడిచినావిడ ఎవరో గుర్తుంటే ఆమె పేరు కూడా రాయమనండి, ఏ స్టూడియో అయినా ఆ డిజైన్ వాడుకుంటే టైటిల్స్‌లో ఆ పేర్లు కూడా వెయ్యాలి.

ఇట్లు,
ఒక టెక్స్చర్ ఆర్టిస్టు, హైదరాబాద్