మోకాలి వెనక ఆ చుక్కను వెతికినవాళ్లకు

అమ్మకి నిన్న కుట్లు విప్పారు. బంధువులూ స్నేహితులూ, ఇన్నాళ్లూ మీ ఫోన్లు ఎత్తలేకపోయాను, ఏమీ అనుకోకండి.

అమ్మ అరికాలి మీద నల్లమచ్చని ఏడాదిపాటు ఆనెకాయ అనుకున్నాం. దగ్గర్లో చూపిస్తే అక్కడా ఆనెకాయ పట్టీలే ఇచ్చారు. చివరికి ముక్క పరీక్షలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. మన రంగువాళ్లకి చర్మ క్యాన్సర్ రాదనుకునేదాన్ని. మనకి ఈ మెలనోమా వస్తే ఎక్కువగా అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుందట. దయచేసి మీ ఇంట్లో పెద్దవాళ్ల పాదాలు ఒకసారి తిప్పి చూడండి.

గజ్జల్లో గ్రంథులన్నీ తీసేస్తే కాలు ఎప్పటికీ వాచిపోయే ప్రమాదముందని, మచ్చ దగ్గర్నుంచి లింఫ్ (ఒంట్లో పారే పల్చటి ద్రవం) మొదట చేరే గ్రంథిని కనిపెట్టి, క్యాన్సర్ పాకిందేమో అదొక్కటే తీసి చూస్తామని సర్జన్ గారు చెప్పారు. ఆ గ్రంథి ఎక్కడుందో కనిపెట్టే స్కానే లింఫోసింటిగ్రఫీ.

న్యూక్లియర్ మెడిసిన్ అన్న బోర్డు చూసి అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. డాక్టరమ్మ బయటికొచ్చి పక్కన కూర్చున్నారు. "టెక్నీషియం అనే రేడియేషన్ మందమ్మా, చాలా కొంచెం. 6 గంటలకోసారి సగమైపోతుంది. రేపు ఈపాటికి 16వ వంతే మిగులుతుంది" అని నెమ్మదిగా చెప్పారు. అప్పుడు లేచింది అమ్మ. మచ్చ చుట్టూ 4 సూదులు. అరికాల్లో సూదంటే ప్రాణం పోయినట్టుంటుంది. అవి అయ్యేదాకా సిస్టర్ చెయ్యి వదల్లేదు, మనవళ్ల కబుర్లు అడుగుతూనే ఉన్నారు.

స్క్రీన్ మీద పాదం దగ్గర ఒక ముద్ద, పైకి సన్నటి గీత, గజ్జల్లో ఒక చుక్క. అయిపోయిందనుకున్నాను. టెక్నీషియన్ తమ్ముడు మాత్రం "అక్కా, మోకాలి వెనక ఏదో అనుమానంగా ఉంది" అని అమ్మని పక్కకి తిప్పి మళ్లీ తీశాడు. భోజనం వేళ దాటిపోయినా ఇంకోసారి తీశాడు. అక్కడా చుక్క కనిపించింది. రెండు చోట్లా మార్కర్‌తో ఇంటూ గుర్తులు పెట్టాడు. ఆపరేషన్‌లో ఆ మందుని పసిగట్టే ప్రోబ్ అనే పరికరం ఆ గుర్తుల దగ్గరే కూసిందని సర్జన్ గారు చెప్పారు.

గజ్జల్లోని గ్రంథి శుభ్రంగా ఉంది. క్యాన్సర్ కణాలున్నది మోకాలి వెనక దాంట్లోనే, అదీ చాలా కొద్దిగా. వెంటనే మిగతావన్నీ తీసేసినా ఆయుష్షు పెరగదని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలిందట. అందుకని 4 నెలలకోసారి అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. మందుల సంగతి వచ్చే వారం చెబుతారు. టెన్షన్ పోలేదు, కానీ ఎక్కడుందో తెలిసింది.

డాక్టర్లకి, సిస్టర్‌కి, రాత్రిళ్లు నాతో ఉన్న వదినకి చేతులెత్తి దండం పెడుతున్నాను. కంగారులో ఆ తమ్ముడి పేరు కూడా అడగలేదు. అతని కోసం అమ్మ సున్నుండలకి మినుములు వేయిస్తోంది. చెకప్‌కి వచ్చినప్పుడు డబ్బా తనే స్వయంగా ఇస్తుందట.