నమూనా గీసేటప్పుడే పనివారినీ కూర్చోబెట్టాలి

సంపాదకులకు నమస్కారములు.

2025 ఆగస్టులో మంగళగిరి ప్రధాన కేంద్రంగా ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విశాఖపట్నంలోనూ ఒక కేంద్రాన్ని కేటాయించిన తరువాత, కొత్త వస్తువుల రూపకల్పన గురించి మన నగరంలో చర్చ ఊపందుకోవడం సంతోషకరం. అయితే ఆ చర్చల్లో పెట్టుబడి, స్థలం, సలహాదారులు అన్న మాటలే తప్ప, వస్తువును చేతులతో తయారుచేసే ఫిట్టరుకూ వెల్డరుకూ, దానిని రోజూ వాడే మనిషికీ రూపకల్పన బృందంలో చోటెక్కడ అన్న ప్రశ్న వినిపించడం లేదు. యంత్రాల డిజైన్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా ఈ విషయంపై నా అభిప్రాయం తెలియజేయదలిచాను.

మన పరిశ్రమల్లో చాలాచోట్ల డిజైనర్లు డ్రాయింగు పూర్తిచేసి కొనుగోలు విభాగానికి పంపుతారు, అక్కడి నుంచి అది వస్తువు తయారయ్యే వర్క్‌షాపుకు, ఆ తరువాత పరీక్షలకు వెళుతుంది. ఒకరి పని ముగిశాక గానీ మరొకరు నోరు విప్పే అవకాశం ఉండదు. నేను పనిచేసిన ఒక చిన్న పరిశ్రమలో తయారైన పంపుకు సీలు మార్చాలంటే మొత్తం మోటారునే విప్పవలసి వచ్చేది. డ్రాయింగు చూసిన మొదటి రోజే అక్కడి ఫిట్టరు ఈ సంగతి గ్రహించాడు, కానీ అతనిని ఎవరూ అడగలేదు. కాగితం మీద ఉండగా ఒక గీత జరిపితే సరిపోయే మార్పుకు, పోతపోయడం పూర్తయ్యాక అచ్చు తీసే ప్యాటర్ను మార్చాలి, పోసినవాటిని తుక్కు కింద వేయాలి, మళ్లీ ఆర్డరు పెట్టాలి.

ఇందుకు భిన్నమైన పాఠం మన చేపల రేవుకు సంబంధించినదే ఉంది. రొయ్యల కోసం లాగే ట్రాల్ వలలో తాబేలు చిక్కితే, ఊపిరి పీల్చుకోవడానికి నీటిపైకి రాలేక చనిపోతుంది. వల చివరి సంచికి ముందు ఊచల చట్రం అమర్చి, రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి వెళ్లేలా, తాబేలు మాత్రం చట్రానికి తగిలి పక్కనున్న ద్వారం గుండా బయటపడేలా చేసే పరికరం ఉంది. ఇది వాడని దేశాల నుంచి సముద్రపు రొయ్యల దిగుమతిని అడ్డుకునే చట్టాన్ని అమెరికా 1989లోనే చేసింది, ఇటీవలి సంవత్సరాల్లో ఆ దెబ్బ మన రొయ్యలకూ తగిలింది. కాగా ఆ ద్వారం గుండా తాబేలుతోపాటు పెద్ద చేపలూ కొంత రొయ్యా జారిపోతాయన్నది బోటువారి అభ్యంతరం, అది నిర్లక్ష్యం చేయదగినది కాదు. డీజిలు ఖర్చు భరించి వేటకు వెళ్లేవాడు, పట్టు తగ్గించే పరికరాన్ని తనిఖీ జరిగినరోజు తగిలించి మరునాడు తీసేస్తాడు. విశాఖలో పరిశోధన కేంద్రమున్న సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు, ఆ నష్టాన్ని తగ్గించడమే లక్ష్యంగా మన వలలకు సరిపోయే నమూనాను రూపొందించారు. ఇక్కడ ప్రయోగశాల ఎంత అవసరమో, వల అల్లేవాడి మాటా బోటు నడిపే సరంగు మాటా అంతే అవసరం.

మన నగరానికి సమష్టి కృషి కొత్తేమీ కాదు. వరుణాస్త్ర టార్పెడోను ఇక్కడి నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించగా, భారత్ డైనమిక్స్ తయారుచేయగా, 2016లో నౌకాదళానికి అప్పగించారు. మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీ యూనిట్లు, పరీక్షా ప్రయోగశాలలు ఒకే ఆవరణలో ఉన్నాయి, ఇది ఎంతో సౌలభ్యం. కానీ వార్డులో రాత్రంతా మానిటర్ల అలారాలు వినే నర్సు, ఏ శబ్దానికి పరుగెత్తాలో దేనిని పట్టించుకోనక్కరలేదో చెప్పగలిగినంతగా ఏ ప్రయోగశాలా చెప్పలేదు. ఆ నర్సును నమూనా దశలోనే పిలవాలి.

పదిమందినీ అడిగితే పని తెమలదన్న వాదన నేను ఎన్నోసార్లు విన్నాను. అందులో కొంత నిజముంది. అయితే బృందంగా పనిచేయడమంటే ఓటింగు పెట్టడం కాదు. నిర్ణయం ఒక్కరిదే కావచ్చు, కానీ ఆ ఒక్కరూ అందరి మాటా విన్న తరువాతే నిర్ణయించాలి. మన సమావేశాల్లో పెద్ద అధికారి ముందుగా మాట్లాడతారు, ఆపై మిగతావారు తలలూపుతారు. ఈ వరుసను తిరగేసి, వయసులోనూ హోదాలోనూ చిన్నవారి చేత మొదట మాట్లాడిస్తే, పైసా ఖర్చు లేకుండానే ఎన్నో లోపాలు బయటపడతాయి.

కాబట్టి విశాఖ కేంద్రం నిర్వాహకులు ఆర్థిక సహాయం ఇచ్చే ప్రతి ప్రాజెక్టుకూ కొన్ని షరతులు పెట్టాలని కోరుతున్నాను. మొదటి నమూనాను పరీక్షించే వాడకందారులకూ కార్మికులకూ ఆ రోజుల కూలి చెల్లించాలి. వారి సూచనను తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐ విద్యార్థులకూ ఆటోనగర్ పనివారికీ డిజైన్ సమీక్షల్లో స్థానం కల్పించాలి. ఆవిష్కరణలో గణనీయమైన భాగం తనదైన వ్యక్తి పేరును పేటెంటులో పేర్కొనాలని కోరే వీలు 1970 నాటి పేటెంట్ల చట్టంలోని 28వ సెక్షనులో ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, పని అయిపోయాక ఆలోచన ఇచ్చిన కార్మికుడిని మరచిపోకుండా, ఆ సెక్షను గురించి అతనికి తెలుగులో వివరించే బాధ్యతను కూడా ఈ కేంద్రమే తీసుకోవాలి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక డిజైన్ ఇంజనీరు,
గాజువాక, విశాఖపట్నం.