లీటర్ల లెక్కకు ముందు గడ్డి లెక్క చూడాలి

సంపాదకులు గారికి,

వరిగడ్డి, మొక్కజొన్న లాంటి వాటి నుంచి ఇంధనం, రసాయనాలు తీసే బయోరిఫైనరీలు కృష్ణా డెల్టాకి రావాలన్న మాట ఈ మధ్య గట్టిగా వినపడుతోంది. రావాలనే మేమూ అంటాం. కానీ చర్చంతా రోజుకి ఎన్ని లీటర్లు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్న దగ్గరే తిరుగుతోంది. గేటు దగ్గరికి సరుకు ఏ నెలలో, ఎంత తేమతో, ఎంత మట్టితో వస్తుంది? ఇంధనం తీశాక మిగిలేదాన్ని ఎవరు కొంటారు? ప్లాంటు నిలబడేదీ మూతపడేదీ ఈ రెండు ప్రశ్నల మీదే.

వరిగడ్డినే తీసుకోండి. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన వరిగడ్డి ఇథనాల్ ప్లాంటు 2022 ఆగస్టులో ప్రారంభమైంది. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్లు తీయాలన్నది దాని లెక్క, అంటే టన్నుకి 150 లీటర్లు. అదే సైజు ప్లాంటును తెనాలి, పొన్నూరు మాగాణుల మధ్య పెట్టామనుకుందాం. కోత మిషను వెళ్లాక బేలర్ (గడ్డిని కట్టలు కట్టే యంత్రం) ఎత్తగలిగేది ఎకరాకి ఒకటింబావు టన్ను అనుకున్నా 1,60,000 ఎకరాల గడ్డి కావాలి. కట్ట 20 కిలోల చొప్పున కోటి కట్టలు. రెండో పంటగా మొక్కజొన్నో మినుమో వేసే రైతు గడ్డి కోసం పొలాన్ని ఖాళీగా ఉంచడు, నేలలో పదును ఆరకముందే విత్తనం పడాలి. కాబట్టి అంత గడ్డినీ దాదాపు 40 రోజుల్లో ఎత్తాలి. అంటే రోజుకి 5,000 టన్నులు. గడ్డి లారీకి బరువు చాలకముందే ఎత్తు నిండిపోతుంది. లారీకి 9 టన్నులు వేసినా రోజుకి 550 లారీలు పంట కాలువ గట్ల మీద తిరగాలి.

తెచ్చిన గడ్డిని ఎక్కడ పెడతారు? కట్టల గడ్డి ఘనపు మీటరుకి సుమారు 120 కిలోలు తూగుతుంది. 6 మీటర్ల ఎత్తున పేర్చినా వాములకే 70 ఎకరాలు పోతాయి. నిప్పు ఒక వాము నుంచి ఇంకోదానికి పాకకుండా వదలాల్సిన ఖాళీ కలిపితే 100 ఎకరాలు దాటుతుంది. మాగాణిలో ఆ నేల ధర ఎంతో పాఠకులకు చెప్పక్కర్లేదు. పది పదిహేను ఊళ్లలో మెరక చూసి చిన్న డిపోలు పెట్టడమే దారి. ఆ ఖర్చు ప్రాజెక్టు రిపోర్టులో మొదటి రోజు నుంచే ఉండాలి.

పైగా మన కోతల కాలమే తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, సరిగ్గా కోతల వేళ. తేమ 15 శాతం లోపు ఉంటేనే గడ్డిని కట్ట కట్టాలి. 20 దాటితే వాము లోపల బూజు పడుతుంది, సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి, ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. వాములోకి పొడుగాటి థర్మామీటరు గుచ్చి చూస్తుండాలి. 65 డిగ్రీలు దాటిందంటే ప్రమాదం దగ్గర పడ్డట్టే. అప్పుడు వాము విప్పాలి గానీ, విప్పగానే గాలి తగిలి మంట లేవచ్చు, నీళ్ల ట్యాంకరు పక్కన ఉండాల్సిందే. వానకు తడిసిన గడ్డిని ఎండబెట్టి తెచ్చారనుకోండి, దాంతో పాటు బురద వస్తుంది. గడ్డిలో సహజంగానే 12 నుంచి 18 శాతం బూడిద ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకే. పైన చెప్పిన ప్లాంటు ఏడాదికి 300 రోజులు నడిస్తే రోజుకి 667 టన్నుల గడ్డి తింటుంది కాబట్టి రోజూ దాదాపు 100 టన్నుల బూడిదకి చోటు వెతకాలి.

ఈ ఇసుకే యంత్రాలను తినేస్తుంది. ముందు గడ్డి కోసే కత్తులు పోతాయి. తర్వాత ఫీడర్ స్క్రూ. గడ్డిని నొక్కి బిరడాలా చేసి, ఆవిరి ఒత్తిడి ఉన్న రియాక్టరులోకి తోసేది ఆ స్క్రూయే. అది అరిగితే బిరడా వదులవుతుంది, ఆవిరి వెనక్కి తంతుంది, ప్లాంటు ఆగుతుంది. ఆవిరి కోసం గడ్డినే బాయిలరులో కాలిస్తే అందులోని పొటాషియం, క్లోరిన్ వల్ల బూడిద తక్కువ వేడికే కరిగి గొట్టాలకు గాజులా అతుక్కుంటుంది. బొగ్గు కోసం డిజైన్ చేసిన బాయిలరుకి గడ్డి వేస్తే జరిగేది ఇదే.

రియాక్టరు లోపల జరిగే పనికీ తన తిప్పలున్నాయి. అర నుంచి ఒక శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 160 నుంచి 190 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉడికిస్తారు. తక్కువ ఉడికితే, గడ్డిని చక్కెరగా విడగొట్టాల్సిన ఎంజైము అందులోని సెల్యులోజు అనే పీచు దాకా పోలేదు. ఎక్కువ ఉడికితే వచ్చిన చక్కెరే ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనంగా మారి, చక్కెరను ఆల్కహాలు చేసే ఈస్టును దెబ్బ తీస్తుంది. తర్వాత 50 డిగ్రీల దగ్గర, పీహెచ్ 5 చుట్టూ, మూడు రోజులు ఎంజైము పని. గుజ్జులో ఘన పదార్థం 20 శాతం దాటితే అది కలియదు. బాగా తగ్గిస్తే పల్చటి ఆల్కహాలు వస్తుంది, దాన్ని బట్టీ పట్టడానికి ఆవిరి తడిసి మోపెడవుతుంది. గడ్డి నుంచి వచ్చే జైలోజు అనే ఇంకో చక్కెరను మామూలు ఈస్టు ముట్టనే ముట్టదు.

మొక్కజొన్న ఇథనాల్‌కి ఈ బాధలు లేవు, ఆ పద్ధతి ఎప్పుడో కుదురుకుంది. దాని చిక్కు డబ్బు దగ్గర. టన్ను గింజకి 380 లీటర్లు వస్తాయి. 2025-26లో చమురు కంపెనీలు ఇచ్చిన లీటరుకి 71.86 రూపాయల చొప్పున 27,307 రూపాయలు. 2025-26 మద్దతు ధర క్వింటాకి 2,400 కాబట్టి టన్ను గింజకే 24,000. మిగిలిన 3,307 రూపాయల్లో ఎంజైములు, ఆవిరి, కరెంటు, జీతాలు, వడ్డీ అన్నీ వెళ్లాలి. వెళ్లవు. రైతుకి మద్దతు ధర ఇచ్చే ప్లాంటును కాపాడేది చివరన మిగిలే దాణా, డీడీజీఎస్ అంటున్నామే, అది. గింజలో ఇంచుమించు మూడో వంతు ఆల్కహాలు, మూడో వంతు కార్బన్ డయాక్సైడు, మూడో వంతు ఈ దాణా అవుతాయి.

ఈ దాణా గురించే మా అసలు భయం. తేమ 14 శాతం దాటిన గింజను బస్తాల్లో పోసి ఉంచితే ఆస్పర్‌జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. మనుషులు తినడానికి పనికిరాని ధాన్యాన్ని ఇథనాల్‌కి వాడొచ్చని 2018 జాతీయ జీవ ఇంధన విధానమే చెబుతోంది. తప్పేమీ లేదు, ఆల్కహాల్లోకి ఆ విషం రాదు. అయితే అది ఉడికించినా పోదు, బట్టీ పట్టినా పోదు. పిండి పదార్థమంతా ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారిపోయాక మిగిలిన మూడో వంతు దాణాలో విషమంతా చేరుతుంది. గింజలో వంద కోట్లకి 20 పాళ్లు ఉంటే దాణాలో 60 దాకా ఉంటుంది. గేదె తింటే పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో వస్తుంది. పాలలో దానికి మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాములే. కాబట్టి పుచ్చిన, రంగు మారిన గింజను ప్లాంటు కొన్నా సరే, ఆ బ్యాచి దాణాను పరీక్షించకుండా గేటు దాటించకూడదు. పరీక్షలో తప్పితే బాయిలరులో కాల్చాలి. నమూనా ఒక్క బస్తా నుంచి తీస్తే లాభం లేదు. ఈ విషం కుప్పంతా సమంగా ఉండదు, అక్కడక్కడా ముద్దగా ఉంటుంది. లారీలో కనీసం పది చోట్ల బొంగు గుచ్చి, కలిపి, మర పట్టి అప్పుడు చూడాలి.

వాతావరణం సంగతి కూడా ఒకటుంది. ఈస్టుకి 32 డిగ్రీలు హాయి. 35 దాటి, ఆల్కహాలు 10 శాతం మించితే అది చచ్చుబడి, పులుపెక్కించే లాక్టిక్ బాక్టీరియా రాజ్యమేలుతుంది. కూలింగ్ టవరు నీరు ఎంత చేసినా వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే వేడి) కన్నా మూడు నాలుగు డిగ్రీలు పైనే ఉంటుంది. మే నెలలో మన తీర గాలికి వెట్ బల్బ్ 28 దాకా పోతే నీరు 31, 32 దగ్గర ఆగుతుంది. దాంతో 32 డిగ్రీల ట్యాంకును చల్లబరచలేం. చిల్లరు (నీటిని ఇంకా చల్లబరిచే యంత్రం) లేని డిజైను విజయవాడకి పనికిరాదు, ఉత్తరాది డ్రాయింగులను యథాతథంగా తెస్తే వేసవిలో దిగుబడి పడిపోతుంది. ఆ వేసవిలోనే కాలువలూ కట్టేస్తారు. లీటరు ఇథనాల్‌కి 4 లీటర్ల నీరు చొప్పున, రోజుకి లక్ష లీటర్ల ప్లాంటు 60 రోజులు నడవాలంటే 24,000 ఘనపు మీటర్ల చెరువు సొంతంగా ఉండాలి. 4 మీటర్ల లోతున ఎకరంన్నర నేల, ఆవిరయ్యేది, ఇంకేది వేరే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఇప్పటికే ఒకచోట పోగయ్యే సరుకుతో. రైసు మిల్లుల ఊక ఉంది. టన్ను వడ్లకి 200 కిలోల ఊక, కాలిస్తే 40 కిలోల బూడిద, అందులో సుమారు 35 కిలోలు సిలికా. 700 డిగ్రీల లోపు కాలిన బూడిద కాస్టిక్ సోడాలో కరిగి సోడియం సిలికేట్ అవుతుంది. అంతకన్నా వేడికి సిలికా స్ఫటికమై మొండికేస్తుంది, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు కూడా. ఆ సిలికేట్‌లోకి పక్కనున్న ఇథనాల్ ప్లాంటు వదిలేసే కార్బన్ డయాక్సైడు పంపితే టైర్లకు, టూత్‌పేస్టుకు వాడే సిలికా పొడి కిందికి దిగుతుంది. మిగిలిన సోడా నీటికి సున్నం కలిపితే కాస్టిక్ మళ్లీ చేతికొస్తుంది. మొక్కజొన్న కండె బెండ్లు ఉన్నాయి, గింజ ఒలిచే మిషను దగ్గరే గుట్ట పడతాయి. టన్నుకి సుమారు 100 కిలోల ఫర్‌ఫ్యూరల్ వస్తుంది. గడ్డి ఇథనాల్‌లో శత్రువైనదే ఇక్కడ సరుకు, ఫౌండ్రీ ఇసుకను పట్టి ఉంచే రెజిన్లకు ముడి పదార్థం. కాకపోతే ఆవిరి విపరీతంగా తాగుతుంది, మురుగు నీటిలో అసిటిక్ ఆమ్లం పోతుంది, దాన్ని పట్టే ఏర్పాటు లేకుండా అనుమతి ఇవ్వకూడదు. గుంటూరు మిర్చి నుంచి ఓలియోరెసిన్ (రంగూ ఘాటూ ఉన్న చిక్కటి సారం) తీశాక మిగిలే పిప్పి కూడా ఇలాగే ఒకచోట పోగవుతుంది. రంగూ ఘాటూ పోయిన ఆ పిప్పి ఎటు వెళ్తోందో లెక్క ఉంటే, అద్దకం రంగుతో కారంలోకి తిరిగి రాకుండా ఆపొచ్చు.

వరిగడ్డిని పూర్తిగా వదలమని కాదు. చిన్న బయోగ్యాస్ ప్లాంట్లకి అది సరిపోతుంది, వేసే తీరు తెలిస్తే. గడ్డిలో నత్రజని తక్కువ కాబట్టి పేడో కోళ్ల ఎరువో కలపాలి. కోళ్ల ఎరువు మోతాదు మించితే అమ్మోనియా పెరిగి మీథేన్ ఆగిపోతుంది. గడ్డిని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేయకపోతే డైజెస్టరులో (గ్యాసు పుట్టే మూసిన ట్యాంకులో) తేలి చాపలా గట్టిపడుతుంది. పగలగొట్టాలంటే ప్లాంటు ఆపాల్సిందే.

చివరగా రైతు వైపు ఒక మాట. గడ్డికి ధర తడి బరువు మీద కాక పొడి బరువు మీద కట్టాలి. 12 శాతం తేమ ఉన్న టన్ను గడ్డిలో పొడి సరుకు 880 కిలోలు, 25 శాతం ఉంటే 750. ఎండబెట్టి తెచ్చినవాడికి ఆ 130 కిలోల డబ్బు అందాలి, మట్టి ఉంటే ఎంత కోత పెడతారో కూడా ముందే ఒప్పందంలో రాసి ఉండాలి. తేమ కొలిచే మిషను ఆఫీసు గదిలో కాదు, కాటా పక్కనే, అంకె ట్రాక్టరు మీద కూర్చున్న మనిషికి కనపడేలా పెట్టించాలి.

— కొందరు కెమికల్ ఇంజినీర్లు, బ్రాడీపేట, గుంటూరు